జీతం తీసుకునే ప్రభుత్వ న్యాయవాది జిల్లా జడ్జి కావచ్చునా?

న్యూఢిల్లీ: ఏ పట్టణంలోనైనా ఉదయం పదిన్నరకు మేజిస్ట్రేటు కోర్టు హాలులోకి అడుగుపెడితే ఒకే రకం నల్లకోటు, ఒకే రకం తెల్లని మెడపట్టీ ధరించిన ఇద్దరు వ్యక్తులు ఎదురెదురు పక్షాల్లో కనిపిస్తారు. ఒకరు నిందితుడి వకీలు. కక్షిదారు ఇచ్చే ఫీజే ఆయన ఆదాయం. రెండవవారు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, వాడుకలో ఏపీపీ. ఆమెకు నెలనెలా ఖజానా నుంచి జీతం అందుతుంది. సర్వీసు రిజిస్టరు ఉంటుంది. బదిలీలు, ఇంక్రిమెంట్లు, అవసరమైతే శాఖాపరమైన విచారణలూ ఉంటాయి. ఇద్దరూ సాక్షులను ప్రశ్నిస్తారు, ఇద్దరూ వాదనలు వినిపిస్తారు. పదేళ్ల తరువాత జిల్లా జడ్జి పోస్టులకు హైకోర్టు నోటిఫికేషన్ వెలువడినప్పుడు ఆ వకీలు రెండో ఆలోచన లేకుండా దరఖాస్తు నింపుతారు. ఏపీపీకి మాత్రం ఒక సందేహం ఎదురవుతుంది. ఈ పదేళ్లూ తాను న్యాయవాదిగా ఉన్నట్టా, ప్రభుత్వ ఉద్యోగిగా ఉన్నట్టా?

సందేహం చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దాని మీద హైకోర్టులు ఒకలా, సుప్రీంకోర్టు మరోలా తీర్పులు చెప్పాయి. పరీక్షలో నెగ్గి, జడ్జి పీఠం మీద కూర్చున్న తరువాత నియామకం కొట్టివేతకు గురైనవారు ఉన్నారు. ఒకప్పుడు సాక్షాత్తూ రాష్ట్రపతి సంతకం చేసిన నియామకపత్రమే చెల్లకుండా పోయింది. అందువల్ల ఈ ప్రశ్నకు నేటి చట్టం ఇచ్చే సమాధానాన్ని, ఆ సమాధానం ఏ దారిన వచ్చిందో కూడా కలిపి తెలుసుకోవడం అవసరం.

రాజ్యాంగం చెప్పిన రెండు షరతులు

జిల్లా జడ్జీల నియామకం రాజ్యాంగంలోని 233వ అధికరణ పరిధిలోనిది. నియామక అధికారం గవర్నరుదే అయినా, హైకోర్టును సంప్రదించకుండా ఆయన ముందుకు వెళ్లజాలరు. అధికరణలోని రెండవ ఉపవాక్యం అర్హతను నిర్వచిస్తుంది. అప్పటికే కేంద్ర, రాష్ట్ర సర్వీసులో లేని వ్యక్తి జిల్లా జడ్జి కావాలంటే ఏడేళ్లకు తక్కువ కాకుండా అడ్వకేటుగా లేదా ప్లీడరుగా ఉండాలి, హైకోర్టు సిఫారసు కూడా ఉండాలి. ఈ మాటల పోలిక 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం నుంచి వచ్చింది. అక్కడ ‘చక్రవర్తి సర్వీసు’ అని ఉన్నది స్వతంత్ర భారతంలో కేంద్ర, రాష్ట్ర సర్వీసు అయింది. ఐదేళ్ల అనుభవం ఏడేళ్లయింది.

జీతం తీసుకునే ప్రాసిక్యూటరుకు ఈ ఉపవాక్యంలో రెండు గడపలు ఉన్నాయి. ఆమె ‘సర్వీసులో’ ఉన్నట్టా లేనట్టా అన్నది మొదటిది. ఆమె ‘అడ్వకేటు’ అవునా కాదా అన్నది రెండవది. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి చర్చిస్తారు. గందరగోళంలో సగం అక్కడే మొదలవుతుంది.

మొదటి గడపను తేల్చింది ఒక తెలుగువాడు. 1966 ఆగస్టులో, ప్రధాన న్యాయమూర్తిగా బాధ్యతలు స్వీకరించి ఇంకా రెండు నెలలైనా నిండక మునుపే, జస్టిస్ కోకా సుబ్బారావు చంద్రమోహన్ కేసులో తీర్పు వెలువరించారు. ఉత్తరప్రదేశ్‌లో కార్యనిర్వాహక శాఖకు చెందిన మేజిస్ట్రేట్లను ‘జ్యుడీషియల్ అధికారులు’ అనే పేరుతో జిల్లా జడ్జీల ఎంపికకు అనుమతించేవారు. వారూ రాష్ట్ర సర్వీసులో ఉన్నవారే కదా అన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనను ధర్మాసనం అంగీకరించలేదు. 233వ అధికరణలోని ‘సర్వీసు’ అంటే న్యాయ సర్వీసేనని, పోలీసు, రెవెన్యూ వంటి ఇతర సర్వీసుల వారికి ఆ దారి లేదని స్పష్టం చేసింది. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయాలన్న రాజ్యాంగ సంకల్పానికి ఈ అర్థమే తగినదన్నది తీర్పు సారాంశం. ఆ తీర్పుతో అప్పటికే పనిచేస్తున్న ఎందరో జడ్జీల నియామకాలు ప్రమాదంలో పడ్డాయి. వాటిని కాపాడేందుకు అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు 20వ రాజ్యాంగ సవరణ ద్వారా 233-ఏ అధికరణను చేర్చవలసి వచ్చింది.

ప్రాసిక్యూటరుకు ఈ తీర్పుతో ఒక మేలు, ఒక కీడు కలిగాయి. ఆమె ఉన్నది న్యాయ సర్వీసు కాదు గనుక, ప్రభుత్వ సర్వీసు అనుభవాన్ని చూపి పదోన్నతి దారిలో జిల్లా జడ్జి పదవిని కోరలేరు. అయితే ప్రభుత్వ జీతం తీసుకుంటున్నారన్న ఒక్క కారణంతో ‘అప్పటికే సర్వీసులో ఉన్న వ్యక్తి’ అని ముద్రవేసి ఆమెను పక్కన పెట్టడమూ కుదరదు. ఆమె ముందు మిగిలింది అడ్వకేటు గడప ఒక్కటే. అసలు పోరాటమంతా దాని దగ్గరే జరిగింది.

49వ నియమం

అడ్వకేటు అంటే ఎవరు? 1961 నాటి అడ్వకేట్ల చట్టం సులువైన సమాధానమే ఇస్తుంది. రాష్ట్ర బార్ కౌన్సిల్ నామావళిలో పేరున్న వ్యక్తి అడ్వకేటు. కానీ పేరు ఉండటం వేరు, పేరు నిలిచి ఉండే హక్కు వేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 49వ నియమం ప్రకారం వృత్తిలో ఉన్న న్యాయవాది ఎవరి వద్దా పూర్తికాలపు జీతగాడిగా ఉండరాదు. అటువంటి ఉద్యోగంలో చేరితే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఉద్యోగం సాగినంతకాలం వృత్తిని నిలిపివేయాలి. ఇది కక్షిదారుకు, న్యాయస్థానానికి బద్ధుడై ఉండవలసిన మనిషి యజమాని ఆజ్ఞకు బద్ధుడు కారాదన్న పాత వృత్తి నీతి.

ఈ నియమానికి చాలాకాలం ఒక మినహాయింపు ఉండేది. ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థల లా ఆఫీసర్లు పూర్తికాల జీతం తీసుకుంటున్నా, రాష్ట్ర బార్ కౌన్సిల్ నియమాలు అనుమతిస్తే నామావళిలో కొనసాగవచ్చుననేది దాని తాత్పర్యం. 2001 జూన్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ మినహాయింపును తొలగించింది. ఈ తేదీని గుర్తుంచుకోవాలి. తరువాత వచ్చిన పెద్ద వివాదానికి ఇరుసు ఇదే.

మినహాయింపు ఇంకా అమలులో ఉన్న రోజుల్లోనే, 1998లో, సుష్మా సూరి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆమె సుప్రీంకోర్టులో కేంద్రం పక్షాన పనిచేసే ప్రభుత్వ అడ్వకేటు. ఢిల్లీ ఉన్నత న్యాయ సర్వీసుకు దరఖాస్తు చేస్తే, ప్రభుత్వ ఉద్యోగి గనుక బార్‌కు చెందిన న్యాయవాది కారని ఆమెను పరిగణనలోకి తీసుకోలేదు. సుప్రీంకోర్టు ఈ వైఖరిని తప్పుబట్టింది. డబ్బు ఏ రూపంలో ముడుతోంది, జీతంగానా ఫీజుగానా అన్నది కొలమానం కాదని, ఆ వ్యక్తిని కోర్టులో తమ తరఫున హాజరై వాదించేందుకు నియమించారా లేదా అన్నదే చూడాలని తేల్చింది. అలా వాదించేవారు జీతగాళ్లయినా అడ్వకేట్లేనన్నది ఆ తీర్పు.

రెండేళ్లు తిరిగేసరికి, 2001 ఆరంభంలో, అదే కోర్టు సతీశ్ కుమార్ శర్మ కేసులో ఒక లా ఆఫీసరు ఎన్‌రోల్‌మెంటును రద్దు చేయడం సరైనదేనంది. ఆయన హిమాచల్‌ప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉద్యోగి. పైపైన చూస్తే రెండు తీర్పులూ పొసగనట్టే ఉంటాయి. లోతుకు వెళితే రెండింటిలోనూ పెట్టిన పరీక్ష ఒకటే. విద్యుత్ బోర్డు ఉద్యోగి నియామక నిబంధనలను, విధులను న్యాయమూర్తులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. కోర్టులో వాదించడం ఆయన అసలు పని కాదని, కార్యాలయంలోని అనేక బాధ్యతలు మోసే పూర్తికాల ఉద్యోగి అని నిర్ధారణకు వచ్చారు. సుష్మా సూరి పని కోర్టులో నిలబడి వాదించడం. ఒకే పరీక్ష పెడితే ఒకరు నెగ్గారు, ఒకరు ఓడిపోయారు.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. మన పత్రికల్లో ‘న్యాయాధికారి’ అనే మాటను కింది కోర్టు జడ్జికీ, ప్రభుత్వ సంస్థ లా ఆఫీసరుకూ కూడా వాడుతుంటారు. చట్టం దృష్టిలో ఈ ఇద్దరికీ పోలికే లేదు. ఒకరు తీర్పు చెప్పేవారు, మరొకరు యజమానికి సలహా ఇచ్చేవారు. ఈ వ్యాసంలో మొదటివారిని జ్యుడీషియల్ అధికారి అని, రెండవవారిని లా ఆఫీసరు అని పేర్కొనడానికి కారణం అదే.

హరియాణా నియామకాలు

2007లో పంజాబ్, హరియాణా హైకోర్టు హరియాణాలో అదనపు జిల్లా, సెషన్స్ జడ్జీల పోస్టులను నేరుగా భర్తీ చేసేందుకు ప్రకటన ఇచ్చింది. ఎంపికైనవారిలో కొందరు అప్పటికి సహాయ జిల్లా అటార్నీలుగా, పబ్లిక్ ప్రాసిక్యూటర్లుగా జీతం మీద పనిచేస్తున్నవారు. ఎంపికను సవాలు చేసినవారు వేసిన ప్రశ్న సూటిగానే ఉంది. వీరు సర్కారీ కొలువులో చేరిన రోజే అడ్వకేట్లు కాకుండా పోయారు కదా, మరి ఏడేళ్ల అనుభవం ఎక్కడి నుంచి వచ్చింది?

2010లో హైకోర్టు ఈ వాదనతో ఏకీభవించింది. 2001లో మినహాయింపు తొలగిపోయిన తరువాత 49వ నియమం ఎవరికీ సడలింపు ఇవ్వదని, పూర్తికాల జీతగాడు ఎవరైనా సరే అడ్వకేటు కాజాలడని భావించి ఆ నియామకాలను కొట్టివేసింది. ఆ రోజున వారి పరిస్థితిని ఊహించుకోవచ్చు. పాత ఉద్యోగం వదులుకొని వచ్చారు. జడ్జీలుగా కేసులు విన్నారు. ఇప్పుడు తాము కూర్చున్న పీఠానికే అర్హత లేదంటున్నారు.

అప్పీలు దీపక్ అగర్వాల్ కేసు పేరిట సుప్రీంకోర్టుకు చేరింది. జస్టిస్ ఆర్.ఎం. లోధా నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 జనవరి 21న తీర్పునిచ్చి హైకోర్టు నిర్ణయాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పులో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది 49వ నియమం గురించి. ఆ నియమం నిషేధించేది న్యాయవాద వృత్తికి భిన్నమైన ఉద్యోగాన్ని. కోర్టులో హాజరై వాదించడానికే ఒకరిని జీతం మీద పెట్టుకుంటే అతడు వృత్తిని వదిలినట్టు ఎలా అవుతుంది? అతడు చేస్తున్నది ఆ వృత్తే. కాబట్టి మినహాయింపు ఉన్నా తొలగినా ప్రాసిక్యూటరుకు తేడా రాదు. మినహాయింపు తొలగడం వల్ల నష్టపోయేది వాదించని లా ఆఫీసర్లే.

రెండవ మెట్టు నేర విచారణ ప్రక్రియా స్మృతి. పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవికి ఏడేళ్ల న్యాయవాద అనుభవం కావాలని చెప్పిన ఆ స్మృతే, ప్రాసిక్యూటరుగా, సహాయ ప్రాసిక్యూటరుగా చేసిన సర్వీసు కాలాన్ని న్యాయవాదిగా చేసిన వృత్తి కాలంగానే ఎంచాలంటుంది. పాత స్మృతి 24వ సెక్షన్‌లోని ఈ ఏర్పాటు ఇప్పుడు అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షన్‌లోకి వచ్చింది. ప్రాసిక్యూటరు కోర్టులో చేసే పనిని శాసనకర్తలు ఎలా చూశారో చెప్పడానికి ఇది చాలు.

మూడవ మెట్టు వ్యాకరణానిది. రాజ్యాంగం ఇంగ్లిషు పాఠంలో ఉన్న ‘హ్యాజ్ బీన్’ అనే క్రియారూపం గతంలో మొదలై ఇంకా సాగుతున్న స్థితిని తెలుపుతుందని ధర్మాసనం పేర్కొంది. కనుక ఏడేళ్ల అనుభవం ఎప్పుడో ఒకప్పటిది అయితే చాలదు, దరఖాస్తు చేసే నాటికి ఆగకుండా సాగుతూ ఉండాలి. ఇదే విషయాన్ని తెలుగులో చెప్పాలంటే ఒక చిన్న ప్రత్యయం మీద భారమంతా పడుతుంది. ‘ఏడేళ్లు వకాల్తా చేసిన వ్యక్తి’ అంటే పదిహేనేళ్ల కిందట మానేసినవారూ అందులోకి వస్తారు. ‘ఏడేళ్లుగా వకాల్తా చేస్తున్న వ్యక్తి’ అంటే నేటికీ చేస్తూ ఉండాలి. రాజ్యాంగ నిబంధనలను తెలుగులోకి తెచ్చేవారు ఆ ‘గా’ను జారవిడిస్తే అర్హుల జాబితాయే మారిపోతుంది.

ఈ వ్యాకరణం వల్ల కొందరికి అన్యాయం జరుగుతున్నట్టు కూడా అనిపించవచ్చు. పదేళ్లు సెషన్స్ కోర్టుల్లో వాదించి, ఆ తరువాత ఒక బ్యాంకులో లా ఆఫీసరుగా చేరిన వ్యక్తిని తీసుకుందాం. నాలుగేళ్ల తరువాత ఆయనకు జడ్జి కావాలన్న కోరిక కలిగితే, ఆ పదేళ్ల అనుభవం మాసిపోలేదు కదా అని అడగవచ్చు. చట్టం అంగీకరించదు. మళ్లీ కోటు వేసుకొని ఏడేళ్లు చేయవలసిందే. బ్యాంకులో జీతం ఎక్కువని వెళ్లిన యువ న్యాయవాదులు చాలామంది ఈ సంగతిని ఆలస్యంగా తెలుసుకుంటారు.

గీత ఎక్కడ ఉంది

ప్రభుత్వ పక్షాన పనిచేసే న్యాయవాదులందరూ ఒకే రకం కాదు. హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ హైకోర్టుల్లో హాజరయ్యే ప్రభుత్వ ప్లీడర్లు, సహాయ ప్రభుత్వ ప్లీడర్లు నెలకు గౌరవ వేతనం పొందుతారు గాని సర్వీసులో ఉద్యోగులు కారు. వారి అర్హతకు ఎన్నడూ పెద్ద అభ్యంతరం రాలేదు. సెషన్స్ కోర్టుల్లో కాలపరిమితి మీద బార్ నుంచి నియమించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ల సంగతీ దాదాపు అంతే. మేజిస్ట్రేటు కోర్టుల ఏపీపీలది వేరే కథ. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వారిని రాష్ట్రస్థాయి పోలీసు నియామక మండలి రాతపరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది. బార్‌లో మూడేళ్ల అనుభవం ఉంటేనే దరఖాస్తుకు అర్హత. పోలీసు మండలి నియమించినంత మాత్రాన వారు పోలీసులు కారు. ప్రాసిక్యూషన్ విభాగం దర్యాప్తు నుంచి వేరుగా ఉండాలని 1995లోనే సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన శహానే కేసులో స్పష్టంగా చెప్పింది. వారి రోజువారీ పని వాదన. సుష్మా సూరి, దీపక్ అగర్వాల్ తీర్పుల కొలమానం ప్రకారం వారు గీతకు ఇటువైపు ఉన్నారు.

గీతకు అటువైపు ఉన్నవారు సచివాలయ న్యాయశాఖలో బిల్లుల ముసాయిదాలు రాసేవారు, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఒప్పందాలు పరిశీలించేవారు, కేసు దస్త్రాలను ప్యానెల్ న్యాయవాదులకు అప్పగించి వాయిదాలను గమనించే లా ఆఫీసర్లు. వీరిలో అనేకులకు చట్టం లోతుగా తెలుసు. కొందరికి వాదించే న్యాయవాది కన్నా ఎక్కువే తెలుసు. అయినా జిల్లా జడ్జి పోస్టుకు పనికిరారు. సాక్షి ముఖంలోకి చూస్తూ ప్రశ్నించిన అనుభవం, ఎదుటి వకీలు అభ్యంతరానికి అప్పటికప్పుడు బదులిచ్చిన అనుభవం విచారణ కోర్టు జడ్జికి కావాలన్నది ఈ కట్టడి వెనుక ఉన్న తర్కం. ఆ తర్కంలో బలం ఉంది.

కానీ రాజ్యాంగమే ఒక మెట్టు పైకి వెళ్లగానే వేరే లెక్క చెబుతుంది. హైకోర్టు న్యాయమూర్తి అర్హతలను చెప్పే 217వ అధికరణ పదేళ్ల అడ్వకేటు అనుభవాన్ని కోరుతుంది. అయితే ఆ పదేళ్లను లెక్కించేటప్పుడు, అడ్వకేటు అయిన తరువాత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద చట్టంలో ప్రత్యేక పరిజ్ఞానం అవసరమైన పదవిలో గడిపిన కాలాన్ని కూడా కలుపుకోవచ్చునని వివరణ ఇస్తుంది. 1976 నాటి 42వ సవరణ ఈ మాటలను చేర్చింది. అటువంటి వివరణ 233వ అధికరణలో లేదు. అంటే, ఒకప్పుడు బార్‌లో నమోదై తరువాత న్యాయశాఖ కార్యాలయంలో ఏళ్లు గడిపిన అధికారికి కాగితం మీద హైకోర్టు తలుపు తెరిచే ఉంటుంది, జిల్లా కోర్టు తలుపు మూసి ఉంటుంది. ఈ విడ్డూరాన్ని సరిచేయాలన్న ఆలోచన ఇన్నేళ్లలో ఎవరికీ బలంగా కలిగినట్టు లేదు. ఆచరణలో కొలీజియం అటువంటివారిని ఎంచుకోవడం అరుదు గనుక ఎవరికీ పట్టలేదు కాబోలు.

ఆ హైకోర్టు తలుపుకూ ఒక గడియ ఉంది. 1991లో గౌహతి హైకోర్టు న్యాయమూర్తిగా మిజోరం న్యాయ, జ్యుడీషియల్ శాఖ కార్యదర్శి కె.ఎన్. శ్రీవాస్తవ నియామకానికి రాష్ట్రపతి సంతకం అయింది. ప్రమాణస్వీకారం మాత్రం మిగిలింది. ఇంతలో ఆయన ఎన్నడూ అడ్వకేటుగా పనిచేయలేదంటూ కుమార్ పద్మప్రసాద్ అనే న్యాయవాది కోర్టుకెక్కారు. తాను నిర్వహించిన పదవులు ‘న్యాయ పదవి’ కిందికి వస్తాయని శ్రీవాస్తవ పక్షం వాదించింది. 1992 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కాదని నియామకాన్ని రద్దు చేసింది. ప్రభుత్వంలో న్యాయశాఖ పదవి అంతా న్యాయ పదవి కాదని, న్యాయ సర్వీసు స్వభావం గల పదవి మాత్రమే అలా లెక్కకు వస్తుందని చెప్పింది. అడ్వకేటుగా మొదలు కాని జీవితానికి 217వ అధికరణ వివరణ కూడా తోడురాలేదు.

2025 తీర్పులు

గత ఏడాది రెండు తీర్పులు ఈ రంగాన్ని కుదిపాయి. 2025 మే 20న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల న్యాయవాద అనుభవం తప్పనిసరి అన్న పాత నిబంధనను పునరుద్ధరించింది. న్యాయమూర్తుల వద్ద లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా ఈ మూడేళ్లలో కలపవచ్చునని అదే తీర్పు అనుమతించింది. లా క్లర్కు కోర్టులో నోరు విప్పడు. అతడి పరిశోధనను అనుభవంగా ఎంచినప్పుడు, ప్రభుత్వ లా ఆఫీసరు పరిశోధనను ఎందుకు ఎంచరన్న ప్రశ్నకు తావు ఏర్పడింది. క్లర్కు న్యాయమూర్తి పక్కన కూర్చొని నేర్చుకుంటాడు, లా ఆఫీసరు ఒక కక్షిదారు పక్కన కూర్చుంటాడన్నది దీనికి ఇవ్వదగిన సమాధానం. అది పూర్తి సమాధానమా అంటే సందేహమే.

రెండవది 2025 అక్టోబరు 9న రెజనీశ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు. జిల్లా జడ్జీల ప్రత్యక్ష నియామకానికి అప్పటికే కింది కోర్టుల్లో జడ్జీలుగా ఉన్నవారు పోటీపడవచ్చా అన్నది అక్కడి ప్రశ్న. పోటీపడరాదని 1984లో సత్యనారాయణ్ సింగ్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, 2020లో ధీరజ్ మోర్ కేసులో మరో ధర్మాసనం చెప్పాయి. ఈ రెండూ చంద్రమోహన్ తీర్పును సరిగా అన్వయించలేదని రాజ్యాంగ ధర్మాసనం భావించి వాటిని పక్కన పెట్టింది. ఒక తెలుగు న్యాయమూర్తి తీర్పు అరవై ఏళ్ల తరువాత కూడా నిలిచింది, మరొక తెలుగు న్యాయమూర్తి తీర్పు నాలుగు దశాబ్దాలు పాలించి తప్పుకుంది. ఇకమీదట న్యాయ సర్వీసులో ఉన్నవారు అడ్వకేటుగా, జ్యుడీషియల్ అధికారిగా కలిపి ఏడేళ్ల అనుభవం చూపితే ప్రత్యక్ష నియామకానికి అర్హులు. దరఖాస్తు నాటికి అభ్యర్థులందరికీ 35 ఏళ్ల కనీస వయసు ఉండాలి.

జీతం తీసుకునే ప్రాసిక్యూటర్ల అర్హత ఆ ధర్మాసనం ముందున్న ప్రధాన వివాదం కాదు. వారికి ఆధారం ఇప్పటికీ సుష్మా సూరి, దీపక్ అగర్వాల్ తీర్పులే. అయితే పోటీ స్వరూపం మారిపోయింది. ఉన్నత న్యాయ సర్వీసులో నాలుగో వంతు పోస్టులు ప్రత్యక్ష నియామకానివి. ఇన్నాళ్లూ వాటిని బార్ కోటా అని పిలిచేవారు. ఇప్పుడు అదే వంతు కోసం రోజూ తీర్పులు రాసే జూనియర్ జడ్జీలు కూడా పరీక్ష రాస్తారు. ఏపీపీకి ఇది కొత్త చిక్కు. పగలంతా కోర్టులో, సాయంత్రం అభియోగపత్రాల పరిశీలనలో గడిచిపోయే ఉద్యోగికి చదువుకునే తీరిక దొరకడం కష్టం.

ప్రాసిక్యూటర్లను జడ్జీలుగా తీసుకోవడంపై ఒక నైతికమైన అభ్యంతరం కూడా ఉంది. ఏళ్ల తరబడి ప్రభుత్వ పక్షానే వాదించిన మనిషి పీఠమెక్కగానే తటస్థుడవుతాడా అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయరాదు. కానీ ఇది జీతానికి సంబంధించినది కాదు. ఇరవై ఏళ్లు ఒకే బీమా కంపెనీకి ఫీజు తీసుకొని వాదించిన ప్రైవేటు న్యాయవాదికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. పైగా ప్రాసిక్యూటరు పని ఎలాగైనా శిక్ష వేయించడం కాదని, నిందితుడికి అనుకూలమైన వాస్తవాన్ని కూడా కోర్టు ముందు ఉంచడమని మన న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. ఆ ధర్మాన్ని పాటించిన ప్రాసిక్యూటరు జడ్జి పనికి ఎవరికన్నా దగ్గరగా ఉంటారు. పాటించారా లేదా అన్నది ఇంటర్వ్యూలో హైకోర్టు తేల్చుకోవలసిన విషయమే గాని, అర్హత గడప దగ్గర ఆపవలసినది కాదు.

ఆచరణలో చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. ప్రైవేటు న్యాయవాదికి వకాల్తానామాలు ఉంటాయి. ప్రాసిక్యూటరుకు వకాల్తా అక్కరలేదు, పదవీ హోదాలోనే హాజరవుతారు. కాబట్టి ఏ కోర్టులో ఎన్ని కేసులు నడిపారో చూపే ధ్రువపత్రాలు, తీర్పుల్లో నమోదైన హాజరు ఆమెకు ఆధారం. కొందరిని ప్రధాన కార్యాలయానికి డిప్యుటేషన్ మీద పంపి, దస్త్రాల పనిలో పెట్టడం జరుగుతుంది. ఆ కాలం వాదన కిందికి వస్తుందా? హోదా ప్రాసిక్యూటరుదే, పని లా ఆఫీసరుది. కోర్టులు పెట్టిన పరీక్ష పనిని చూడమంటుంది గనుక ఆ రెండు మూడేళ్లు ఏడేళ్ల వరుసను తెంచే ప్రమాదం ఉంది. అలాగే ఉద్యోగంలో చేరిన వెంటనే 49వ నియమానికి భయపడి సన్నదును సస్పెండు చేయించుకున్నవారు ఉంటే, నామావళిలో తెగిపోయిన వరుసను తరువాత అతికించడం సులువు కాదు.

రెజనీశ్ తీర్పు రాష్ట్రాలను మూడు నెలల్లో హైకోర్టులతో సంప్రదించి తమ నియమావళులను సవరించుకొమ్మని ఆదేశించింది. ఆ కసరత్తు ప్రధానంగా జ్యుడీషియల్ అధికారుల కోసమే అయినా, ప్రాసిక్యూటర్ల సర్వీసును న్యాయవాద అనుభవంగా స్పష్టంగా పేర్కొనే ఒక వాక్యాన్ని అదే చోట చేర్చడానికి అడ్డేమీ లేదు. అటువంటి వాక్యం లేని రాష్ట్రంలో దరఖాస్తు చేసే ఏపీపీ హాల్‌టికెట్టుతో పాటు 1998, 2013 నాటి తీర్పుల నకళ్లను కూడా దగ్గర ఉంచుకోవలసి వస్తుంది.